ముసలి కథకుడు, క్రొత్త వంతలు

మాఘమాసము వచ్చినదనగా నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్టయూళ్ల పొలిమేరలలో నేల కనబడదు. కల్లములనిండ పరచిన మిరపకాయ పగలు ఎండకు గలగలలాడి, రాత్రి మంచుకు మెత్తబడి, ఇటు దొంగకును అటు అకాలపు చినుకునకును భయపడు యజమానిచేత కాపలా కాయించుకొనుచు, పదునైదు దినములపాటు ఊరికి ఎర్రని దుప్పటి కప్పి యుండును. ఆ కాపలా రాత్రులే మాకు కథల రాత్రులు. చలిమంట చుట్టు గొంగళ్లు కప్పుకొని కూర్చున్నవారికి నిద్ర రాకూడదు. నిద్ర రాకుండుటకు కథ కంటె మంచి మందు లేదు. కథకుని పిలిపించుటకు చేతిలో నింకను పంట డబ్బు పడకపోయినను, నేడో రేపో పడునన్న ధైర్యము గలదు. ఇన్ని కలిసివచ్చు ఋతువు ఆ ప్రాంతమున మరియొకటి లేదు గనుకనే బుర్రకథ దళములు సంక్రాంతి దాటినది మొదలు ఉగాది వరకు ఆ త్రోవల వెంట తిరుగుచుండెడివి.

1970 దశకము చివర నొక మాఘమున, నేను హైస్కూలు చదువులో నుండగా, మా యూరికి వచ్చిన కథకుడు క్రొత్తవాడు కాడు. ఇరువది యేండ్లకు పైగా వచ్చుచున్నవాడే. అరువది దాటిన వయసు, సన్నని దేహము, తలపాగా తీసినచో బట్టతల, కట్టినచో సామంతరాజు. పేరు చెప్పను, ఆయన వంశమువా రిప్పటికిని ఆ ప్రాంతముననే యున్నారు, వారి యనుమతి నేనడుగలేదు. తాను బుర్రకథకు పితామహుడనిపించుకొన్న షేక్ నాజరుగారి వద్ద నేర్చితినని చెప్పుకొనెడివాడు. ఆ మాట చెప్పుకొనని కథకుడు ఆ కాలమున కృష్ణా గుంటూరు మండలములలో ఎవడైన నుండెనా యన్నది సందేహమే గనుక మేము దానిని నమ్మనూ లేదు, కాదననూ లేదు. ఆ యేటి వింత యేమనగా, ఎప్పుడును ఆయన కిరుప్రక్కల నిలిచెడి వంత లిద్దరును లేరు. వారి స్థానమున మీసము సరిగా రాని కుర్రవాండ్రిద్దరు, గుమ్మెటలు చంకను తగిలించుకొని, బండి దిగి, ఏ వైపు నడువవలెనో తెలియక నిలిచి యుండిరి.

"ఏం పెద్దాయనా, పాతవాళ్లేరీ?" అని మా పెదనాన్న అడిగెను.

"ఒకడు పోయాడు బాబూ. ఇంకొకడు బెజవాడ ఆటోనగర్లో పన్లో చేరాడు. వీళ్లు కొత్త." అని, తంబురా సంచి భుజము మార్చుకొని, "నేనూ కొత్తే ఈ యేడు" అనెను.

పెదనాన్న నవ్వెను. ఆయన నవ్వలేదు.

తెలుగుభాష ఎవరికైన నన్యాయము చేసినదా యని యెవరైన నడిగినచో నేను మొదట చూపునది ఈ వంతలను. వంత పాడుట యనగా మనకు ముఖప్రీతి మాటలాడుట. తాన అంటే తందాన అనువాడనగా స్వబుద్ధి లేక, అధికారి నోటివంక చూచుచు తల యూపువాడు. కార్యాలయములలో, శాసనసభలలో, పెండ్లిండ్లలో సైతము మన మీ మాటల నెంత తేలికగా విసరుచుందుమో! కాని బుర్రకథ రాత్రియంతయు మేలుకొని విన్నవా డెవడును ఈ జాతీయములను ఈ యర్థమున వాడజాలడు. నడుమ నిలుచువాడు కథకుడు. తంబురా భుజమున నుండును, చేతి వ్రేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, ఒంటిమీద నిలువుటంగీ, నడుమునకు పట్టుదట్టి. ఇరుప్రక్కల నిలుచు వంతలలో నొకనిది హాస్యము, ఒకనిది రాజకీయము. ఇద్దరి చేతులలోను గుమ్మెటలు, కొందరు వానినే డక్కీ లందురు. కథకుడొక చరణము పాడి వదలగానే వంతలు తందాన యని యందుకొందురు. ఆ అందుకొను తీరులోనే తరువాతి చరణము ఎంత వడిలో నడువవలెనో నిర్ణయమగును. పాట ఆగి వచనము మొదలైనచో హాస్యపువాడు అడ్డువచ్చి, అర్థము కాలేదనును, అబద్ధమనును, ఆకలి యనును. రాజకీయపువాడు కథను వెనుకటి రాజుల కాలమునుండి చెవి పట్టుకొని నేటి వీధిలోనికి లాగుకొని వచ్చును. నడుమనున్నవాడు ఈ రెండు దాడులకు తట్టుకొని, సమాధానము చెప్పి, తెగిన దారమును మరల ముడివేసి నడువవలెను. ఇందులో తలయూపుట యెక్కడ నున్నది? వంత యనువాడు ఊరిజనుల పక్షమున వేదిక మీదికి ఎక్కించిన ప్రశ్న.

ఈ పద్ధతి ఆదినుండి ఇట్లే యుండెనని నేననను. జంగములు ఇంటింట తిరిగి, పుణ్యకథలు, వీరకథలు చెప్పి గింజలు పెట్టించుకొను కాలమున ప్రక్కవారిది చాలవరకు శ్రుతి పట్టు పనియే కావచ్చును. వంతకు నోరిచ్చినది 1940 దశకము. 1943లో బొంబాయిలో భారతీయ ప్రజానాటక సంఘము పుట్టెను. ఆ యేడే వంగదేశమున లక్షలాది జనులు అన్నములేక వీధులలో రాలిపోవుచుండిరి. ఆంధ్రదేశమున ఆ సంఘపు శాఖగా ప్రజానాట్యమండలి వెలసి, వృత్తిచేత వైద్యుడైన గరికపాటి రాజారావు దానికి ప్రాణము పోసెను. కూలివానికి అర్థము కాని యుపన్యాసము కంటె అర్థమగు కథ మేలని గ్రహించిన ఆ కమ్యూనిస్టు కార్యకర్తలు జంగముకథను పట్టుకొని, దాని యొడలు మార్చక, నోటిలోని మాట మార్చిరి. సుంకర సత్యనారాయణ కష్టజీవి వ్రాసెను. మోటూరు ఉదయం స్త్రీల దళము కట్టి, మగవారికే చెల్లునన్న తంబురాను భుజమున కెత్తుకొనెను. నూరేండ్లు జీవించి 2018లో కన్నుమూసిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆ మండలిలో పాడిన గొంతుకలలో నొకటి. ఊరిలో సగము మంది వంగదేశ మెక్కడ నున్నదో యెరుగరు. అయినను కథకుడు కరవు చెప్పగా కొంగుముడి విప్పి అణాలు బేడలు వేసిరి. ప్రక్కన నిలిచినవాడు "వాళ్లెవరో మనకెందుకయ్యా?" అని తామడుగ దలచిన ప్రశ్నను తమకంటె ముందే యడిగి, కథకునిచేత బదులు చెప్పించి, తమ నోరు మూయించుట వలననే ఆ చేతులు విచ్చుకొన్నవని నా నమ్మకము.

ఆ దళములలో నడుమ నిలిచినవారిలో మేరువు షేక్ నాజరు. 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో, దూది యేకు వింటినారి మ్రోతల నడుమ జన్మించిన ఈ దూదేకులబిడ్డ, పసితనముననే నాటకములలో వేషములు కట్టి, హార్మోనియము పట్టి, నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య వద్ద శాస్త్రీయ సంగీతము నభ్యసించిన తరువాత బుర్రకథకు వచ్చెను. అందుచేత ఆయనకు మువ్వురి సొత్తు ఒక్కచోట చేకూరెను. జంగముల నడక, రంగస్థల నటుని ముఖము, సంగీత విద్యార్థి చెవి. పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, బెంగాలు కరవు. తాను కట్టిన కథను తానే పాడి, తానే యాడి, తానే నేర్పెను. ఎన్ని దళములను దిద్దెనో లెక్క లేదు. 1940 దశకము ముగియు వేళకు మద్రాసు ప్రభుత్వపు నిషేధములు, అరెస్టులు ఆ దళములను చెల్లాచెదరు చేయగా, ఆయన మరల క్రొత్తవారిని కూడగట్టుకొనెను. 1954 నాటి అగ్గిరాముడు చిత్రములో సీతారామరాజు కథ చెప్పి, కథా దళము నెన్నడు చూడని పట్టణవాసులకును తన రూపము చూపెను. 1986లో పద్మశ్రీ వచ్చెను. 1997లో దేహము చాలించెను. తన జీవితగాథకు పింజారి యని పేరుపెట్టుకొనుటలో, కులము పేర పిలిచి చిన్నబుచ్చు నోళ్లకు ఆ మాటనే పుస్తకపు అట్టమీద నచ్చొత్తించి యిచ్చిన ఠీవి కనబడును. ఆయనను బుర్రకథ పితామహుడందురు. నాకందులో వివాదము లేదు. ఆయన ప్రక్కన నిలిచి రాత్రులకు రాత్రులు గుమ్మెట మ్రోగించినవారి పేర్లు మాత్రము ఎందరికి తెలియును? బిరుదులు నడుమనే పడును, ప్రక్కలకు చిమ్మవు.

మా మెట్టప్రాంతమున ఈ కథలకు మరియొక బలము కూడ నుండెను. అది సరిహద్దు నేల. మునగాల పరగణా మా నందిగామ తాలూకాకు చెందియు, నలుదెసల నైజాము గ్రామములచే చుట్టబడి, సముద్రమున దీవివలె నుండెడిది. ఆ సంస్థానాధిపతియైన నాయని వెంకటరంగారావు వద్ద దివానుగిరి చేసిన కొమర్రాజు లక్ష్మణరావు పుట్టినయూరు మా మున్నేటి గట్టుననున్న పెనుగంచిప్రోలే. తెలంగాణ రైతు పోరాటపు దినములలో అటునుండి తరలివచ్చినవారు ఇటు యూళ్లలో తలదాచుకొనిరి. వారి వెంట పాటలు, కథలు, గాయములు వచ్చినవి. కృష్ణకు దక్షిణపు గట్టున పల్నాడు. ముక్త్యాల రేవున బల్లకట్టు ఎక్కినచో ఆవలిది బ్రహ్మనాయుని నేలయే. కావున పల్నాటి యుద్ధము మాకు పురాణము కాదు, ఏటికావలి బంధువుల తగవు. ఒకవైపు మంత్రి నాగమ్మది తప్పా, మరియొకవైపు మంత్రి బ్రహ్మనాయునిది తప్పా యని మా యూరి రచ్చబండ మీద కొట్లాడుకొన్నవారిని నేనెరుగుదును.

ఆ రాత్రి మా కల్లములో చెప్పినదియు ఆ కథయే. రెండు కట్టెబండ్లు జోడించి పైన పలకలు పరచిరి. రెండు పెట్రోమాక్సు దీపములు, అద్దెకు తెచ్చిన మైకుసెట్టు. చెప్పవలసిన సత్య మేమనగా, కథ చప్పగా నుండెను. ముసలాయన గొంతులో లోపము లేదు. గజ్జెలో లోపము లేదు. కుర్రవాండ్రు పాతవంతల మాటలను చిలుకలవలె బట్టీపట్టి వచ్చిరి. కోడిపోరు ఘట్టమున పాత హాస్యపువాడు ఏ చోట తుమ్మెడివాడో ఈ కుర్రవాడును ఆ చోటనే తుమ్మెను. ఇరువది యేండ్లుగా విన్న జనులు తుమ్ముకు ముందే నవ్వి, తుమ్ము వచ్చుసరికి ఆవులించిరి. చదివింపులు సైతము పలుచగా పడినవి. జగ్గయ్యపేట ధనబోటి స్తూపమున దొరకి, ఇప్పుడు చెన్నపట్టణపు మ్యూజియములో నున్న సున్నపురాతి శిల్పమున మాంధాత చక్రవర్తి చేయెత్తగానే ఆకాశమునుండి నాణెములు వర్షించుచుండును. మా కథకుడు ఆ రాత్రి రెండుచేతులెత్తినను రాలినది అర్ధరూపాయి బిళ్లలే.

తెల్లవారి సత్రపు అరుగుమీదికి నేను కాఫీ చెంబు తీసికొని పోవుసరికి ముసలాయన హాస్యపు కుర్రవానిని ఎదుట కూర్చుండబెట్టుకొని యుండెను. కేకలు వేయుచుండునని నేననుకొంటిని. ఆయన గొంతు గుసగుసకు మించలేదు. రాత్రి యంతయు పాడినవాడు ఉదయము గొంతు దాచుకొనును.

"తుమ్మెందుకు తుమ్మావురా?"

"పాతాయన తుమ్మేవాడని చెప్పావుగా బాబాయ్."

"ఆడికి జలుబు. నిజంగానే వచ్చింది ఓ రోజు. జనం నవ్వారు, అట్టిపెట్టుకున్నాడు. ఆడి తుమ్ము ఆడితోనే పోయింది. నీదేది?"

"నాకు మాటలు రావు బాబాయ్."

"మాటలు రావక్కర్లా. నేను కథ చెపుతుంటే వింటన్నావా లేదా, అది చెప్పు. వింటే అడగబుద్ధేస్తది. అడుగు. నే చెప్పలేకపోతే జనం నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ."

వంత యనగా నేమియో చెప్పిన లక్షణవాక్యము ఇంతకంటె చక్కనిది నేనే లక్షణగ్రంథమునను చదువలేదు. మొదటి శ్రోత. నోటితో వినువాడు.

దళము ఆనాటి మధ్యాహ్నమే మరియొక యూరికి సాగిపోయెను. వారి సంచారము ఎట్టిదో నేటి పాఠకులకు కొంచెము చెప్పవలెను. ముందుగా ఊరిపెద్దలలో నొకడు పోయి సంచకారము ఇచ్చి దినము ఖాయము చేసికొని వచ్చును. కంచికచర్ల వైపు మొదలుపెట్టి, నందిగామ చుట్టుప్రక్కల యూళ్లు తిరిగి, చందర్లపాడు మీదుగా కృష్ణగట్టు పట్టి, మరల మున్నేరు దాటి పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు చేరుకొని, అటునుండి వత్సవాయి, జగ్గయ్యపేట. దినమున కొక్క యూరు. రాత్రి తొమ్మిదింట మొదలై కోడి కూయువరకు కథ. పగలు సత్రములోనో బడి వసారాలోనో నిద్ర. కారము తినకుండ అన్నము దొరకుట దుర్లభమైన మిరపదేశమున గొంతు కాపాడుకొనుట యొక తపస్సు. మిరియాలకషాయము, పటికబెల్లము, మౌనము. బస్సున్నచోట బస్సు, లేనిచోట బండి, బండి లేనిచోట నడక. తంబురా మాత్ర మెన్నడు టాపుమీద వేయరు, ఒడిలోనే.

నలుబది దినముల తరువాత జగ్గయ్యపేటలో మా మేనమామ యింటికి పోయిన నాకు ఆ దళమే మరల తటస్థపడెను. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు బేతవోలును పెంచి తన తండ్రి జగ్గయ్య పేరిట నిలిపిన ఆ పేట వర్తకుల పట్టణము; చుట్టుప్రక్కల పంటకు కాటా అక్కడ, మాటకు కాటాయు నక్కడనే. బట్టలకొట్టువాండ్రు, దలాలీలు, పై యూళ్లనుండి సరుకు దింపి బండిక్రిందనే పడుకొను రైతులు. కథ బాగులేనిచో మొగమాటము లేక లేచిపోవు జనులు. మరల పల్నాటి యుద్ధమే. వినిన కథయే గదా యని నేను వెనుకవరుసలో కూలబడితిని.

కోడిపోరు వచ్చెను. బ్రహ్మనాయుని కోడి యోడినది, మాచెర్లవారు ఏడేండ్లు అరణ్యవాసము చేయవలెనని కథకుడు విషాదముగా పాడి వదలెను. తందాన రావలసిన చోట రాలేదు. హాస్యపు కుర్రవాడు గుమ్మెట దించి, "ఏవండీ కథకుడుగారూ, మా ఊళ్లో కోడి ఓడితే కోడిని కూర వండుకుంటాం. రాజ్యం వదలటమేందండీ? ఆ కూరేమయ్యింది, అది చెప్పండి ముందు" అనెను. జనము గొల్లుమనెను. ముసలాయన ఒక్క క్షణము నోట మాటలేక నిలిచి, తరువాత నవ్వి, ఆ కూర యెవరు తినిరో చెప్పుటకు పావుగంట తీసికొనెను. ఆ పావుగంటలో పందెము కట్టినవాడొకడు, నష్టపోయినవాడొకడు, నడుమ ముక్కలు తిన్నవాడొకడు వచ్చిరి. ఆ మూడవవాని వర్ణన మొదలుకాగానే దలాలీల వరుసలో కలకలము పుట్టెను. రాజకీయపు కుర్రవాడు అదను పట్టుకొని, నాగమ్మ వేసిన పన్నును మిరప కాటావద్ద తీయు తరుగుతో ముడిపెట్టెను. పైయూళ్ల రైతులు ఈలలు వేసిరి. అంతటితో నాగక, "ఆడమనిషి మంత్రయ్యిందనా మీ కడుపుమంట, పన్నులేసిందనా? ఏదో ఒకటి తేల్చండి!" అని వాడు నిలదీయగా, ఇరువది యేండ్లుగా నాగమ్మను రాక్షసిగా చెప్పిన ఆ ముసలినోరు తడబడెను. తడబడి, ఆమె పక్షమున నాలుగు మాటలు చెప్పెను. ఆ నాలుగు మాటలును నేను పూర్వమెన్నడు వినలేదు. ఆయనయు పూర్వమెన్నడు చెప్పి యుండడు. కథకునికి తన కథలోనే తెలియని గది యొకటి ఆ రాత్రి తెరువబడినది.

"నేనూ కొత్తే ఈ యేడు" అని మా యూర బండి దిగినప్పు డాయన యన్నది ఇదియే.

కథలు చెప్పుకొని తిరుగు వృద్ధులు మా మెట్టలోనే కారు, లోకమంతటను కలరు. అమెరికాలో బాబ్ డిలన్ అను రాక్ గాయకుడు, తన పాట తానే వ్రాసి తానే కట్టువాడు, 1941లో పుట్టి, 1988 జూనులో నొక సంచారము మొదలుపెట్టి యేండ్ల తరబడి ఆపకుండుటచే జనులు దానికి అంతములేని యాత్రయని పేరిడిరి. 2016లో సాహిత్యమునకు నోబెలు బహుమానము వచ్చినను ఆయన ఇల్లుపట్టి కూర్చుండలేదు. 2021 నవంబరులో, ఎనుబది నిండిన పిదప, కొందరు క్రొత్తవారితో దళము కూర్చుకొని, రఫ్ అండ్ రౌడీ వేస్ అను తన క్రొత్త పాటలసంపుటి పేర మూడేండ్ల పర్యటన ప్రకటించి బయలుదేరెను. గిటారు చాలవరకు వదలి పియానో వద్ద కూర్చుండి, జనులకు కంఠస్థమైన పాత పాటలను సైతము రాగము, నడక మార్చి పాడుటచే, పాట సగమైనదాక అది యే పాటయో శ్రోతలకే తెలియదట. టిక్కెట్టు కొన్నవారిలో కొందరికి కోపము. నాకు మాత్రము మా ముసలాయన గుర్తుకు వచ్చును. దళము మారినప్పుడు పాట మారకుండినచో అది తుమ్మును బట్టీపట్టుటయే. మరియొక విషయము: ఆ డిలన్ ప్రక్కన ఎందరో వచ్చిరి, ఎందరో పోయిరి గాని, 1989లో చేరిన బేస్ గిటారువాద్యకాడు టోనీ గార్నియర్ మాత్రము మూడు దశాబ్దములు దాటినను వీడలేదు. ఆ పేరు అక్కడి పత్రికలు వ్రాయును. నే నిక్కడ కూర్చుండి ఆ పేరు చెప్పగలుగుచున్నాను. మా యూరి తుమ్మువాని పేరు చెప్పలేను, ఏలయనగా అడుగలేదు.

బుర్రకథ పలుచబడుటకు సినిమాను, టెలివిజనును తిట్టుట వాడుక. నేను దానితో పూర్తిగా నేకీభవింపను. నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు తాకిన యూళ్లలో పంట పెరిగి, తీరిక తగ్గినది. అది యొక కారణము, దానికి ఏడ్వవలసిన పని లేదు. అంతకంటె లోతైన దెబ్బ ప్రేమతోనే తగిలినది. కుటుంబనియంత్రణకు, చిన్నమొత్తముల పొదుపునకు, పంచవర్ష ప్రణాళికలకు ప్రభుత్వము బుర్రకథను పిలిచి పీట వేసెను, రేడియో పిలిచెను. దళములకు నాలుగు రూకలు వచ్చినవి, మంచిదే. కాని ముందే వ్రాసి, అధికారి సంతకము పెట్టించి, చదివించు కథలో రాజకీయపు వంతకు అడుగుటకేమున్నది? ప్రశ్నింపవలసినవాడు పద్దులు చదువసాగెను. వంత పాడుట యను జాతీయము నిజమగుట ఆ దినములలోనే జరిగినదని నా తీర్పు. అంతకుముందు అది నిందయే.

ఆ జగ్గయ్యపేట రాత్రికి రెండేండ్లు దాటిన పిదప మా యూరికి మరల దళము వచ్చెను. బండినుండి మొదట దిగినవాడు హాస్యపు కుర్రవాడు. మీసము చక్కగా వచ్చినది. తంబురా వాని ఒడిలో నుండెను. రాజకీయపువాడు వాని కెడమప్రక్క. కుడిప్రక్క గుమ్మెట పట్టుకొని, తలపాగా కట్టుకొని, నెమ్మదిగా దిగినవాడు ముసలాయన. గొంతు పాటకు చాలకపోయినది గాని ప్రశ్నకు చాలునట. ఆ రాత్రి ఆయన అడిగిన ప్రశ్నలకు కుర్రకథకుడు మూడుమార్లు చెమటలు తుడుచుకొనెను. కల్లములో కూర్చున్న మేమందరము కథకుని వంక కాక ప్రక్కవాని వంక చూచి నవ్వుచుంటిమి.

ఇప్పుడు మా ప్రాంతము ఎన్టీఆర్ జిల్లా. హైదరాబాదు రాదారి నాలుగు వరుసలై చిల్లకల్లు మీదుగా పరుగెత్తుచున్నది. పెనుగంచిప్రోలు తిరునాళ్లలో విద్యుత్ప్రభల వెలుగు రెండామడల దూరమునకు కనబడును. తిరుపతమ్మ, గోపయ్యల విగ్రహములు రంగులు వేయించుకొనుటకై రెండేండ్ల కొకమారు జగ్గయ్యపేటకు ఊరేగి వచ్చుట మానలేదు. దేవతలకు సైతము క్రొత్త రంగు కావలెను గదా. ఆర్కెస్ట్రాలు, డీజేలు వచ్చినవి. వానిని నేను తిట్టను, కుర్రకారు ఆడవలసినదే. ఆ సందడి నడుమ, ఎక్కడనో యొక మూల పందిరిలో, ఒక రాత్రి బుర్రకథకు సమయమిచ్చు యూళ్లు ఇంకను గలవు.

ఆ యూళ్ల ఉత్సవసంఘములవారికి నా మనవి యొక్కటే. మీరు అచ్చు వేయించు కరపత్రములలో దాతల పేర్లు పెద్దక్షరములలో నుండును, మైకుసెట్టువాని పేరు అడుగున నుండును, బుర్రకథ వద్ద కథకుని పేరొకటి వేసి "మరియు బృందము" అని ముగింతురు. ఈ మాఘమున ఆ రెండు మాటలు తీసివేయించి, ఆ చోట ఇంకొక రెండు పేర్లు వేయించుడు. సంచకారము ఇచ్చిన దినముననే అడిగి వ్రాసికొనుడు.